ఇస్తిమారా: ఏడాదికొకసారి సొంతమయ్యే కారు

ఖతర్‌లో కారున్న ప్రతివారి పర్సులోనూ నిన్నమొన్నటి దాకా ఒక చిన్న కార్డు తప్పనిసరిగా ఉండేది. దాని పేరు ఇస్తిమారా. బండి నంబరు, ఛాసిస్ నంబరు, యజమాని పేరు, వీటన్నిటికంటె ముఖ్యంగా గడువు తేదీ అందులో అచ్చయి ఉండేవి. ఇప్పుడది ఫోనులోకి చేరింది గాని గడువు మటుకు మారలేదు. బండికి మూడేళ్లు నిండిన తరువాత ఏటేటా ఫాహెస్ పరీక్షా కేంద్రానికి తీసుకువెళ్లి బ్రేకులు, పొగ, టైర్లు చూపించుకోవాలి. బీమా కట్టాలి. ఏడాది పొడుగునా రాడార్ కెమెరాలు రాసిపెట్టిన జరిమానాలన్నీ చెల్లించాలి. అప్పుడు మరొక్క సంవత్సరం ఆ కారు మనదవుతుంది. అదైనా దేశంలో నివసించడానికి ఇచ్చిన అనుమతిని ఆనుకొని ఉన్న హక్కే. ఆ అనుమతి రద్దు చేసుకొని స్వదేశానికి పోయే పరదేశి, సామాను కట్టడానికి ముందే కారు సంగతి తేల్చుకోవాలి.

అరబ్బీలో ఇస్తిమారా అంటే నింపవలసిన ఫారం, అంతకుమించి గొప్ప అర్థమేమీ లేదు. కాని వినడానికి దానికి చాలా దగ్గరగా ఉండే ఇంకో మాట ఆ భాషలో ఉంది: ఇస్తిమ్రార్. దాని అర్థం ఎడతెగని కొనసాగింపు. ఈ రెండో మాట తెలుగు జిల్లాలకు కొత్తది కాదు. 1802 నాటి పర్మనెంటు సెటిల్‌మెంటులో కంపెనీ వారు జమీందారులకు ఇచ్చిన పట్టాకు సన్నద్-ఇ-మిల్కియత్-ఇ-ఇస్తిమ్రార్ అని పేరు, అంటే శాశ్వత యాజమాన్యపు సన్నదు. గల్ఫ్‌లో మరికొన్ని చోట్ల కారు కాగితాన్ని ముల్కియా అంటారు. అదీ ఆ సన్నదులోని మిల్కియత్ తోబుట్టువే. జమీందారుల శాశ్వతం 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం దాకా, దాదాపు నూట యాభై ఏళ్లు నడిచింది. కారుకు ఇచ్చే శాశ్వతం పన్నెండు నెలలు.

దోహాలో ఇరవై రెండేళ్లు వైద్యుడిగా పనిచేసి, అరవై దాటాక హైదరాబాదు చేరుకున్న ఒక తెలుగు డాక్టరు చేతుల మీదుగా ఇటువంటి కార్డులు నాలుగు నడిచాయి. ఆయన జ్ఞాపకాలకు సంవత్సరాలు కొలతలు కావు, కార్లే కొలతలు. పాప బడిలో చేరింది ఎప్పుడని అడిగితే "సన్నీ రోజుల్లో" అంటారు. తండ్రిగారు పోయిన వార్త వచ్చింది "కామ్రీ కొన్న ఏడాది." ప్రవాసుల్లో ఈ అలవాటు ఆయన ఒక్కరిదే కాదు. అద్దె ఇళ్లు మారుతూంటాయి, చాలామందికి ఇల్లు, అందులోని మంచాలూ కూడా ఉద్యోగమిచ్చిన సంస్థవే. ఇది నాది అని వేలు పెట్టి చూపించగలిగిన పెద్ద వస్తువు ఆ దేశంలో కారు ఒక్కటే.

ఇండియాలో ఆయన కార్ల చరిత్ర చాలా చిన్నది. కోస్తా జిల్లాలో పెరిగిన ఆ తరం పిల్లలకు కారంటే అంబాసిడర్, లేకపోతే ఫియట్. రెంటిలో ఏది వచ్చినా వీధిలోకి కలెక్టరుగారో, పెళ్లివారో, రోగిని చూడడానికి పెద్ద డాక్టరుగారో వచ్చారని అర్థం. ఇంట్లో అక్కలు చదివే యద్దనపూడి సులోచనారాణి నవలల్లో మాత్రం కథానాయకుడు పడవంత కారులో దిగేవాడు. ఆ పడవ ఏ కంపెనీదో ఆ పాఠకురాళ్లకు అక్కరలేదు, పొడుగ్గా ఉంటే చాలు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి మధ్యతరగతికి కారును అందేంత దగ్గరకు తెచ్చింది గాని, మెడికల్ కాలేజీ హాస్టలులో ఉన్నవాడికి అప్పుడది అందలేదు. పీజీ అయ్యాక, పెళ్లయ్యాక, ఒకరు వాడి అమ్మిన తెల్ల మారుతి ఒకటి చేతికి వచ్చింది. దాన్ని గురించి ఆయన చెప్పేది ఒక్కటే: నలుగురు కూర్చుంటే ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఏసీ కట్టేయవలసి వచ్చేది.

2001లో దోహాలో దిగేసరికి రోడ్ల మీద నారింజ, తెలుపు రంగుల పాత టాక్సీలు తిరుగుతుండేవి. మంచినీలం రంగు కర్వా టాక్సీలు ఇంకా రాలేదు. ఊళ్లో ట్రాఫిక్ సిగ్నళ్ల కంటె రౌండబౌట్లదే రాజ్యం. అరబ్బీలో దువార్ అంటారు. చిరునామాలన్నీ వాటి పేర్లతోనే నడిచేవి: రమాడా దువార్ దాటాక, ఒరిక్స్ దువార్‌కు ముందు, ఇట్లా. తరువాత చాలా దువార్లు పోయి సిగ్నళ్లు వచ్చాయి, రమాడా హోటలు పేరు రాడిసన్ అయింది. అయినా జనం నోట్లో ఆ కూడలి రమాడాయే.

భారతీయ లైసెన్సు ఎన్నేళ్ల పాతదైనా అక్కడ పరీక్ష తప్పదు. సిగ్నళ్ల పరీక్ష, పార్కింగు పరీక్ష, చివరకు రోడ్డు పరీక్ష. పక్క సీటులో పోలీసు అధికారి కూర్చుని ఒక్కమాటా మాట్లాడకుండా చేత్తో దారి చూపిస్తాడు. ఆపరేషను బల్ల ముందు చేయి వణకని సర్జన్లకు కూడా ఆ పదినిమిషాల్లో నోరు ఎండిపోయేదని ప్రతీతి. కష్టమంతా కుడి ఎడమల్లో ఉంది. ఎడమ చేతి వైపున నడిపి వచ్చినవారికి ఇక్కడ సమస్తం అద్దంలో చూసినట్టు తారుమారు. దువార్ దగ్గర ఎడమ నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ముప్పై ఏళ్లుగా కుడివైపు తిరిగిన మెడను ఎడమకు తిప్పడం మెదడుకు చెప్పినంత తేలిక కాదు.

మొదటి కారు నిస్సాన్ సన్నీ, 1995 మోడలు, లేత బంగారు రంగు. అమ్మినవారు ఒక సూడానీ పిల్లల వైద్యుడు, ఐర్లండుకు వెళ్లిపోతున్నారు. ఆసుపత్రి క్యాంటీను పక్కన నోటీసు బోర్డు మీద చేతిరాతతో రాసి అంటించిన కాగితం చూసి బేరం కుదిరింది. ఆ బోర్డు ఒక ప్రత్యేక సాహిత్యం. "ఎగ్జిట్‌పై వెళ్తున్న డాక్టరు, ఒకే చేయి, సర్వీసు కంపెనీలోనే" అని కారు గుణగణాలు. దాని పక్కనే సోఫా, వాషింగ్ మెషిను, పిల్ల సైకిలు. ఎవరు వెళ్లిపోతున్నారో ఆ కాగితాలను బట్టే తెలిసేది. ఎందుకు వెళ్లిపోతున్నారో వాటిలో ఉండేది కాదు. ఒకరి నిష్క్రమణ ఇంకొకరికి గృహప్రవేశమయ్యే ఆ ఏర్పాటులో జాలిపడే తీరిక ఎవరికీ లేదు. ధర తగ్గించమని అడిగే తీరిక మాత్రం అందరికీ ఉండేది. ఆ సూడానీ వైద్యుడు పన్నెండు వేల రియాళ్లు అడిగి పదకొండు వేలకు ఒప్పుకున్నాడు. అప్పటి లెక్కలో రియాలు పదమూడు రూపాయలకు కాస్త తక్కువ. తాళాలు చేతికిస్తూ, రెండో గేరులో కొంచెం ఓపిక పట్టమని మాత్రం చెప్పాడట.

వెనుక అద్దానికి ఎడమ పక్కన పిల్లలు అంటించిన స్టిక్కరు ఒకటి ఉండిపోయింది: అరబ్బీ అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో జంతువు బొమ్మ. గీకేయమని శ్రీమతి రెండుసార్లు చెప్పారు. ఎండకు జిగురు గాజులో కలిసిపోయినట్టయి అది రాలేదు. నాలుగేళ్ల కూతురు వెనుక సీటులో మోకాళ్ల మీద నిలబడి దాన్ని లోపలి నుంచి చూసేది. అక్షరాలు తిరగబడి కనిపించేవి. బడిలో అరబ్బీ పంతులమ్మ పలక మీద అలిఫ్, బా, తా రాసిన రోజున ఆ పిల్ల, ఇవి మా కారులో వేరే రకంగా ఉంటాయని వాదించిందట. సన్నీని తరువాత ఒక ఫిలిప్పీనో నర్సు కొన్నాడు. అతని దగ్గర నుంచి ఎవరి చేతికి వెళ్లిందో తెలియదు. 2009లో ఒక సాయంత్రం సల్వా రోడ్డు మీద సిగ్నలు దగ్గర ముందు ఆగిన బండి వెనుక అద్దంలో ఆ ఒంటె, ఆ కుందేలు, రంగు వెలిసిపోయి కనిపించాయి. పన్నెండేళ్ల పిల్ల "మన కారు!" అని అరిచింది. సిగ్నలు పడింది, సన్నీ పారిశ్రామిక వాడ వైపు మళ్లింది.

రెండోది కామ్రీ, కొత్తది, బ్యాంకు అప్పు మీద కొన్నది. షోరూము నుంచి ఇంటికి తెచ్చాక నాలుగు నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి తొక్కించారు. గుమ్మడికాయ కొట్టడానికి పార్కింగు స్థలంలో ధైర్యం చాలలేదు. కాపలాదారు పెషావర్ వైపు మనిషి, చితికిన నిమ్మకాయలను చూసి ఏమీ అడగకుండా చీపురు తెచ్చాడు. సీట్ల ప్లాస్టిక్ తొడుగులు ఏడాది పాటు తీయలేదు. వేసవిలో వాటి మీద కూర్చోవడం ఎటువంటి శిక్షో చెప్పనక్కరలేదు. తెలుగువాడు కొత్త వస్తువును వాడుకోడు, ముందు కొంతకాలం దానికి కాపలా కాస్తాడు.

ఎడారి వేడి కారును ముసలితనంలోకి తోసే పద్ధతి వైద్యుడికి ఆసక్తి కలిగించే విషయమే. పైకి మెరుస్తూనే ఉంటుంది. బ్యాటరీలోని సీసపు పలకలు వేడికి త్వరగా తినేయబడతాయి, ద్రవం ఆవిరవుతుంది. చల్లని దేశాల్లో నాలుగైదేళ్లు నడిచే బ్యాటరీ ఇక్కడ రెండేళ్లకే, ముందుగా ఏ మూలుగూ లేకుండా, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆగస్టు నెలలో రాత్రి రెండు గంటలకు ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చినప్పుడే ఆగిపోవడం దాని స్వభావం. టైరు పక్కభాగం మీద నాలుగంకెలు ఉంటాయి. 2305 అంటే 2005లో ఇరవై మూడో వారంలో తయారైందని. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆ అంకె పాతబడితే టైరు మార్చాలి, లేకపోతే వంద మీద పోతుండగా రబ్బరు విడిపోతుంది. ఈ సంగతి ఆయనకు నేర్పినది పారిశ్రామిక వాడలోని మలయాళీ మెకానిక్కు. సనాయియా అని పిలిచే ఆ వాడలో, నూనె ఇంకి నల్లబడ్డ సందుల్లో, ఖతర్‌లోని కార్లకు రెండో జన్మ ఉండేది. హిందీ, మలయాళం, అరబ్బీ కలిసిన భాషలో రోగలక్షణాలు చెబితే, ఆ మెకానిక్కు బానెట్ మీద చెవి ఆనించి వినేవాడు. స్టెతస్కోపు లేకపోవడమొక్కటే తేడా.

2009లో కొన్న మూడో బండి పజేరో. అప్పటికి ఊరు ఊరులా లేదు. 2004 జనాభా లెక్కల్లో ఏడున్నర లక్షలకు కొంచెం తక్కువగా ఉన్న దేశం 2010 నాటికి పదిహేడు లక్షలయింది. అయిదు నిమిషాల దారి నలభై నిమిషాలు పట్టసాగింది. పెద్ద బండి లేకపోతే వెనుక నుంచి లైట్లు కొట్టే ల్యాండ్ క్రూయిజర్ల ముందు మనిషికి విలువ లేదన్న అభిప్రాయం అందరిలాగే ఆయనకూ కలిగింది. శుక్రవారాలు మెసయీద్ దాటి, టైర్లలో గాలి సగానికి తగ్గించి, ఇసుక తిన్నెల మీదుగా ఖోర్ అల్ అదైద్ దాకా వెళ్లడం ఇంటిల్లిపాదికీ ఒక వ్యసనమయింది. అక్కడ సముద్రం ఎడారి లోపలికి చొచ్చుకొని వస్తుంది; నీళ్ల అవతలి గట్టు సౌదీ అరేబియా. పులిహోర డబ్బా, గాలి నింపే చిన్న పంపు, తాడు, ఇవి లేకుండా బయలుదేరకూడదు. ఒక్క బండితో అసలే వెళ్లకూడదు. తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి వెళ్లేవి, ఎవరి బండి ఇసుకలో కూరుకుపోతుందో అన్నది ఆ వారపు వినోదం.

ఆ పజేరోకు ఖతర్ చిన్నదనిపించేది. దేశం ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు నూట అరవై కిలోమీటర్లు, అడ్డంగా అందులో సగం. నేల మీద బయటికి దారి ఒక్కటే, అబూ సమ్రా. అక్కడి నుంచి సౌదీ గుండా వీసా తీసుకొని రెండుసార్లు దుబాయి వెళ్లివచ్చారు. 2017 జూన్ 5న పొరుగు దేశాలు సంబంధాలు తెంచుకున్నాయి, ఆ తరువాత సరిహద్దు మూతపడింది. అంగళ్లలో పాల సీసాల మీద అక్షరాలు రాత్రికి రాత్రి టర్కీ భాషలోకి మారాయి. 2021 జనవరి దాకా దేశంలోని కార్లన్నీ ఒక అరచేతిలోనే తిరిగాయి. ఆ మధ్యలోనే, 2018లో, పజేరో అమ్ముడుపోయింది. సరిహద్దు ఒక్కటే కారణం కాదు. కూతురు అప్పటికే చదువుకు వెళ్లిపోయింది, కొడుకు ఆ సంవత్సరం వెళ్లాడు. ఏడుగురు పట్టే బండిలో ఇద్దరు కూర్చుంటే వెనుక సీట్ల బెల్టుల కొక్కేలు గుంతల దగ్గర గలగలమనేవి.

ఈ కథలో కారు లేనివారి మాట రాకపోతే లెక్క తప్పుతుంది. ఖతర్‌కు వచ్చిన తెలుగువారిలో డాక్టర్లు, ఇంజనీర్లు గుప్పెడు. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారిలో ఎక్కువమందికి దేశమంటే కంపెనీ బస్సు కిటికీ. తెల్లవారుజామున నాలుగున్నరకు, తలలు అద్దానికి ఆనించి నిద్రపోయే మనుషులతో ఆ బస్సులు ఆసుపత్రి ముందు నుంచే వెళ్తాయి. 2019 మేలో మెట్రో మొదలయ్యాక సెలవు రోజున కార్నిష్‌కు వచ్చి సముద్రం చూసే వీలు వాళ్లకు కొంత పెరిగింది. గల్ఫ్ నవలల్లో కారును ఈ వైపు నుంచి చూసినది బెన్యామిన్ మలయాళ నవల ఆడుజీవితం. విమానాశ్రయంలో దిగిన నజీబును ఎడారిలోని మేకల దొడ్డికి మోసుకుపోయేది ఒక డొక్కు బండి. పారిపోయి రోడ్డెక్కినప్పుడు ఎన్నో బండ్లు ఆగకుండా పోతాయి. చివరికి ఆగి ఎక్కించుకునేది ఒక సంపన్న అరబ్బు ఖరీదైన కారు. దుమ్ము పట్టిన ఆ మనిషి మెత్తని సీటులో కూర్చునే ఘట్టంలో, కారంటే ఏమిటో ఆ నవల చెప్పినంతగా ఏ వాణిజ్య ప్రకటనా చెప్పలేదు. అబ్దుల్ రహ్మాన్ మునీఫ్ రాసిన సిటీస్ ఆఫ్ సాల్ట్‌లోనూ ఎడారి దారిలో లారీలు తోలే ఇద్దరి స్నేహం, నూనె బావుల కథ అంతటికంటె ఎక్కువగా మనసులో నిలుస్తుంది.

ఆ రెంటి మధ్యనా ఇంకో మనిషి ఉన్నాడు: కారు నడిపేవాడు, కారు లేనివాడు. ఆసుపత్రి పార్కింగులో యజమానురాలి కోసం ఎదురుచూస్తూ నిలబడిన ఒక ఇంటి డ్రైవరు, డాక్టరుగారు ఫోనులో తెలుగు మాట్లాడడం విని నమస్కారం పెట్టాడు. ఏ ఊరు బాబూ అంటే రాయచోటి పక్కన పల్లె అన్నాడు. "పదకొండేండ్లుగా వీళ్లింట్లోనే తోల్తాండా సార్. నాలుగు ల్యాండ్ క్రూయిజర్లు మారినాయి." ఊర్లో నీకు బండి ఉందా అని అడిగితే నవ్వాడు. "హీరో హోండా ఒకటుంది సార్. దాన్ని మా తమ్ముడు తోల్తాండాడు." ఆ తరువాత ఎప్పుడు ఎదురైనా అతడు ముందు డాక్టరుగారి టైర్ల వైపు చూసి, ఆ పైన కుశలం అడిగేవాడు.

నాలుగోది కొరొల్లా. దాన్ని గురించి చెప్పుకోవలసింది ఏమీ లేకపోవడమే దాని గొప్పతనం. అయిదేళ్లూ ఇంటికీ ఆసుపత్రికీ మధ్య తిరిగింది. 2016 జనవరిలో లీటరు సూపర్ పెట్రోలు ఒక రియాలు నుంచి రియాలు ముప్పై దిర్హాములకు పెరిగినప్పుడు దేశమంతా విడ్డూరంగా చెప్పుకుంది. కొరొల్లా చివరి రోజుల్లో రెండు రియాళ్ల దగ్గర తిరుగుతున్నా ఎవరూ ఏమీ అనలేదు. 1936లో ఇ.బి. వైట్ న్యూయార్కర్‌లో ఫోర్డ్ మోడల్ టి కి వీడ్కోలు వ్యాసం రాసినప్పుడు ఆ కారు తయారీ ఆగి తొమ్మిదేళ్లయింది. అమెరికావాడికి కారు పోయింది, తాను అక్కడే ఉన్నాడు. గల్ఫ్ ప్రవాసికి కథ తిరగబడుతుంది. కారు అక్కడే ఉంటుంది.

దోహాకు పడమరగా షేక్ ఫైసల్ మ్యూజియంలో పాత కార్లు వరుసలుగా నిలబెట్టి ఉంటాయి, రెక్కల తోకలున్న అమెరికన్ కార్లు కూడా. యద్దనపూడి నాయకులవి కాదగిన పడవలన్నీ అక్కడ ఉన్నాయని, వెళ్లే ముందు చివరి శుక్రవారం వాటిని చూసినప్పుడు శ్రీమతి అన్నారు.

2023లో కొరొల్లాను కొన్నది కొత్తగా వచ్చిన ఒక యువ వైద్యురాలు, కర్నూలు వైపు అమ్మాయి. ఇప్పుడు నోటీసు బోర్డులూ లేవు, ట్రాఫిక్ కార్యాలయంలో బారులు తీరడమూ లేదు. ఇద్దరూ ఫోన్లు పట్టుకొని క్యాంటీనులో కూర్చుంటే మెట్రాష్ యాప్‌లో పేరు మారిపోయింది. ఆమె పాత టైర్ల సంగతి అడగలేదు. ఆయనే బయటికి తీసుకువెళ్లి, మోకాలి మీద కూర్చుని, నాలుగంకెలు ఎక్కడుంటాయో చూపించారు. ఎప్పుడు మార్చాలో కాగితం మీద రాసి ఇచ్చారు. "సర్, రెండు వందలు తగ్గించగలరా?" అని ఆమె అప్పుడడిగింది. తగ్గించారు.

హైదరాబాదులో ఆయన ఇప్పుడు నడిపేది చిన్న మారుతి. ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం నూట యాభై ఎనిమిది కిలోమీటర్లు. ఒక ఆదివారం ఉదయం పూర్తిగా ఒక చుట్టు తిరిగివచ్చి, ఖతర్ కొస నుంచి కొసకు వెళ్లినంత దూరమని ఇంట్లో చెప్పారు. స్టీరింగు కుడికి వచ్చింది, దానితోపాటు ఇండికేటరు పుల్ల కూడా కుడికి మారింది. ఇరవై రెండేళ్ల అలవాటు మీద ఆయన ఎడమ చేయి ముందుకు వెళ్లి అక్కడున్న పుల్లను నొక్కుతుంది. శంషాబాద్ మలుపు దగ్గర, మండుటెండలో, పొడి అద్దం మీద వైపర్లు కిర్రుమంటూ తిరుగుతాయి. పక్క సీటులో శ్రీమతి ఇప్పుడు నవ్వడం కూడా మానేశారు. తానే చేయి చాచి వాటిని ఆపుతారు.